కార్తీకంలో కారే మిద్దెకు ఏ పొర పరవాలి?

ప్రశ్న: మాది తిరుపతి కొర్లగుంటలో 1994లో కట్టిన ఇల్లు. ముందు హాలు మంగళూరు పెంకుల కప్పు కింద ఉంది. వెనుక వంటిల్లు, పూజగది, పడకగది మీద 20 అడుగులకు 24 అడుగుల చదునైన స్లాబు ఉంది. దాని మీద సున్నం, ఇటుక కంకర వేసి పలకలు పరిచారు. పోర్టికో మీద కాస్త వాలుగా మరో చిన్న స్లాబు ఉంది. 2021 నవంబరు వానల తరువాత నుంచి ఏటా కార్తీకంలో వంటింటి కప్పు కారుతోంది. వాన ఆగిన రెండు రోజులకు కూడా బొట్లు పడుతూనే ఉంటాయి. పెంకుల కప్పు, స్లాబు కలిసే చోట గోడ నాని పెచ్చులూడుతోంది. మిద్దె మీద నీళ్ల ట్యాంకు, సోలార్ హీటరు ఉన్నాయి. వేసవిలో వడియాలు అక్కడే ఎండబెడతాం. ఒకరు తారు షీటు అంటించమన్నారు, ఒకరు తెల్ల రంగు రెండు పూతలు చాలన్నారు, మరొకరు పైన ఇంకో మూడు అంగుళాల కాంక్రీటు పోయమన్నారు. ఏది చేయించాలి? — ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: అమ్మా, అసలు విషయానికి వచ్చే ముందు ఒక జాగ్రత్త. వంటింట్లో బొట్లు పడే చోటికి దగ్గరలో ఫ్యాను కొక్కెం గానీ దీపం గానీ ఉంటే, కప్పు కారుతున్నన్నాళ్లూ ఆ గదికి వెళ్లే కరెంటును మెయిన్ బోర్డు దగ్గరే ఆపి ఉంచండి. స్లాబులో పాతిన గొట్టాల గుండా నీరు తీగల వెంబడి స్విచ్చుబోర్డు దాకా దిగగలదు.

మీ ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, వెనుక స్లాబుకు తారు షీటు చెప్పిన మనిషి సరైన దారిలోనే ఉన్నారు, కానీ ఇప్పుడున్న పలకల మీద అంటించమని చెప్పి ఉంటే ఆ పని చేయించవద్దు. తెల్ల రంగు పూత మీ పోర్టికోకు సరిపోతుంది, వెనుక స్లాబుకు సరిపోదు. కాంక్రీటు మాత్రం ఎక్కడా పోయించవద్దు. మూడు అంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకు సుమారు 180 కిలోల బరువు. మీ స్లాబు వైశాల్యం 45 చదరపు మీటర్లకు కొంచెం తక్కువ కాబట్టి మొత్తం మీద ఎనిమిది టన్నులు అదనంగా ఎక్కించినట్లు అవుతుంది. జనం ఎక్కి దిగే మిద్దెకు, కట్టడాలు మోయవలసిన బరువుల గురించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 లెక్కలోకి తీసుకోమనే భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. అంటే మనుషుల కోసం, సామాను కోసం ఉంచిన మిగులునంతా ఆ కాంక్రీటే మింగేసి, ఇంకా అడుగుతుంది. ఇంత బరువు మోసినా ప్రయోజనం లేదు; ఎండకు, వానకు అది కూడా పగులుతుంది, ఆ పగుళ్ల నుంచి నీరు మళ్లీ దిగుతుంది.

పెంకుల కప్పుకు, చదును మిద్దెకు వాన నీటితో వ్యవహరించే తీరే వేరు. పెంకులు చేప పొలుసుల మాదిరిగా ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. వాటి మధ్య సందులున్నా, 25, 30 డిగ్రీల వాలు ఉండటం వల్ల నీరు ఆ సందులు వెతుక్కునే లోపే జారిపోతుంది. చదును మిద్దె మీద నీటికి ఆ తొందర లేదు. అది ఆగుతుంది, పక్కలకు పాకుతుంది, వెంట్రుక మందపు పగులు దొరికినా దిగుతుంది. అందువల్ల వాలు తక్కువైన చోట ఎక్కడా తెగని, అతుకుల దగ్గర కూడా ఒకే చర్మంగా కలిసిపోయే పొర కావాలి. మెంబ్రేన్ అనేది అదే. అయితే ఈ పొర ఎంత మంచిదైనా, దాని కింద పొడిగా ఉండాలి, దాని మీద నీరు నిలవకూడదు, దాని అంచులు గోడల్లోకి సరిగా ముగియాలి. కారిన మిద్దెలు చాలా వరకు ఈ మూడింటిలో ఏదో ఒకటి తప్పినవే గాని షీటు నాసిరకం కావడం వల్ల కారినవి తక్కువ.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట, వాన ఆగిన రెండు రోజులకు కూడా బొట్లు పడుతున్నాయన్నది. పైనుంచి నేరుగా దిగే నీరైతే వానతో పాటే తగ్గిపోవాలి. అలా కాకుండా తరువాత కూడా దిగుతోందంటే, పలకల కింద ఉన్న ఇటుక కంకర నీటిని పీల్చి దాచుకుని మెల్లమెల్లగా విడుస్తోందన్నమాట. మన చిత్తూరు సీమలోనూ, పక్కనున్న తమిళనాడులోనూ మిద్దెల మీద ఈ సున్నపు కంకర వేయడం పాత ఆనవాయితీ. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపిన సున్నంతో రోజుల తరబడి కొట్టి గట్టిపరిచిన కాలంలో అది ఎంతో నమ్మకమైన పని, ఇంటికి చల్లదనాన్ని కూడా ఇచ్చేది. కానీ ముప్పై ఏళ్ల ఎండకు పలకల సందుల్లోని సిమెంటు విడిపోయాక, అదే పొర స్లాబు మీద తడిపి కప్పిన గోనెపట్టాగా మారుతుంది. దాని మీద తారు షీటు అంటిస్తే ఆ తడి లోపలే చిక్కుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె పైభాగం 60 డిగ్రీలు దాటి వేడెక్కినప్పుడు ఆ తడి ఆవిరై షీటును పొక్కులుగా లేపుతుంది, ఆ పొక్కులు కాలి కింద చిట్లుతాయి. కాబట్టి పాత పలకలు, కంకర మొత్తం తీయించి స్లాబు బయటపడేలా చేయడమే మొదటి పని. దీనికి కరెంటు సుత్తి వాడనీయకండి. ఆ అదురుకు పాత స్లాబులో కొత్త పగుళ్లు వస్తాయి. చేతి ఉలి, సమ్మెటతో తీయిస్తే ఆలస్యమైనా క్షేమం. ఆ పొర నాలుగు అంగుళాల మందాన ఉంటే చదరపు మీటరుకు ఒకటిన్నర క్వింటాలు పైగా బరువు దిగిపోతుంది. ఆ వెసులుబాటు మనకు తరువాత అవసరమవుతుంది.

అయితే కూల్చే పని మొదలుపెట్టక ముందే రెండు అనుమానాలు తీర్చుకోండి. ట్యాంకును రెండు రోజులు ఖాళీగా ఉంచి, పొడి వాతావరణంలో వంటింటి కప్పు చెమ్మ తగ్గుతుందేమో చూడండి. తగ్గితే లోపం వానది కాదు, ట్యాంకు అడుగుదో పైపు కీలుదో. అలాగే బొట్టు పడే చోటే పగులు ఉంటుందని అనుకోవద్దు. నీరు స్లాబు లోపల ఇనుప చువ్వల వెంబడి కొన్ని అడుగులు ప్రయాణించి ఎక్కడో ఒకచోట దిగుతుంది. వంటింటి పైన వెతికి దొరకకపోతే పిట్టగోడ మొదలు దగ్గర, సోలార్ హీటరు కాళ్ల దగ్గర, పైపులు స్లాబును దాటే చోట్ల చూడమనండి.

కింది నుంచి కప్పును చిన్న సుత్తితో తట్టించి చూడటం కూడా తప్పనిసరి. డొల్ల శబ్దం వచ్చిన చోట, పెచ్చులూడి చువ్వ కనిపించిన చోట, లోపల తుప్పు పట్టిందని అర్థం. తుప్పుగా మారిన ఇనుము అంతకు ముందున్న దానికంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది. పైన ఎంత మంచి పొర వేసినా ఈ నష్టం వెనక్కి పోదు. చువ్వలు సన్నబడి ఉంటే, మేస్త్రీ మాట మీద కాకుండా స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి చెప్పిన తరువాతే ముందుకు వెళ్లండి. తుప్పు పైపైనే ఉంటే వదులు కాంక్రీటు తీసేసి, చువ్వను మెరిసేదాకా రుద్ది, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన సిమెంటుతో పూడిస్తే సరిపోతుంది.

ఇప్పుడు వాటం సంగతి, అంటే నీరు పారేలా స్లాబు మీద సిమెంటుతో వేసే వాలు. ఈ పనిలో డబ్బు పెట్టవలసిన చోటు షీటు కంటే ఇదేనని నా గట్టి అభిప్రాయం. మిద్దె మీద నీరు నడవాలంటే కనీసం నూరుకు ఒకటి చొప్పున, అంటే మీటరుకు 10 మిల్లీమీటర్ల వాలు ఉండాలి. మీ స్లాబు 24 అడుగుల పొడవు, అంటే 7.3 మీటర్లు. నీరంతా ఒక కొసనే దిగేలా చేస్తే అవతలి కొస 73 మిల్లీమీటర్లు ఎత్తుండాలి. వాన నీరు దిగే పైపు దగ్గర 20 మిల్లీమీటర్ల మందంతో మొదలుపెట్టినా దూరపు కొసన సిమెంటు మందం 93 మిల్లీమీటర్లకు చేరుతుంది. సగటున చదరపు మీటరుకు 115 కిలోల బరువు పడుతుంది. అదే మధ్యలో నడుము లేపి, నీటిని రెండు కొసలకూ పంచి, రెండు వైపులా 100 మిల్లీమీటర్ల పైపు ఒక్కొక్కటి పెట్టిస్తే, నీరు నడవవలసిన దూరం సగమవుతుంది, మధ్యలో గరిష్ఠ మందం 57 మిల్లీమీటర్లతో ముగుస్తుంది, బరువు 77 కిలోలకు తగ్గుతుంది. పైగా ఒక పైపు ఆకులతో మూసుకుపోయినా రెండోది పని చేస్తుంది. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల వాన ముసురుగా కురవదు, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే ఒక్క రాత్రిలోనే కుమ్మరిస్తుంది. 2021 నవంబరులో శేషాచలం కొండల మీది నుంచి దిగిన నీరు ఊరి వీధులను ముంచిన సంగతి మీకు చెప్పనక్కరలేదు. అటువంటి రాత్రికి ఒకే పైపు నోటిని నమ్ముకోవడం మంచిది కాదు. వాటం వేసేటప్పుడు కంటితో చూసి సరే అనకుండా రసమట్టంతో, ట్యూబ్ లెవెల్‌తో కొలిపించి, పిట్టగోడ మీద గుర్తులు పెట్టించండి.

ఈ సిమెంటు వాటం మీద ఏడు రోజులు నీళ్లు పట్టిన తరువాత అది పూర్తిగా ఆరాలి, అందుకు మూడు వారాలకు తక్కువ ఇవ్వవద్దు. ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక మీటరు చదరపు పాలిథిన్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో బిగించి, సాయంత్రం నుంచి మరునాటి పొద్దు ఎక్కేదాకా ఉంచండి. తీసినప్పుడు కాగితం అడుగున చెమట పట్టినా, సిమెంటు రంగు ముదిరినా, ఇంకా ఆగాలి. అందుకే కార్తీకంలో కారిందని మార్గశిరంలో పని మొదలుపెట్టడం సరికాదు. సంక్రాంతి దాటాక పాత పొర తీయించి, శివరాత్రి లోపు వాటం ముగించి, మార్చి నెలలో షీటు పరిపిస్తే, జూన్ వానలకు ముందే అంతా పూర్తవుతుంది. అప్పటిదాకా ప్లాస్టిక్ పట్టా కప్పుకోవలసి వస్తే వానల రోజుల్లో మాత్రమే కప్పి, ఎండ రాగానే తీసేయండి.

షీటు ఎంపికలో మీకు వినిపించే పేర్లు చాలానే ఉంటాయి. పీవీసీ, టీపీవో అనే ప్లాస్టిక్ జాతి షీట్లను వేడిగాలి యంత్రంతో అతుకుతారు. గోదాములు, కల్యాణ మండపాల వంటి పెద్ద కప్పులకు అవి చక్కగా నప్పుతాయి, కానీ ట్యాంకు కాళ్లు, పైపులు, హీటరు స్టాండు ఉన్న చిన్న మిద్దె మీద ఆ యంత్రంతో మూలలు తిప్పడానికి మంచి చేయి తిరిగిన పనివాళ్లు కావాలి. పైగా పీవీసీకి తారు పడదు. పాత తారు ఆనవాళ్లు ఉన్న చోట మధ్యలో విడదీసే గుడ్డ లేకుండా పరిస్తే పీవీసీలోని మెత్తదనమిచ్చే పదార్థం తారులోకి దిగిపోయి షీటు పెళుసుబారుతుంది. మీకు నేను సూచించేది ఏపీపీ రకం, అంటే తారులో ప్లాస్టిక్ కలిపిన మెంబ్రేన్, నాలుగు మిల్లీమీటర్ల మందం, లోపల పాలిస్టర్ అల్లిక ఉన్నది. ఫైబర్ గ్లాసు అల్లికతో కొంత తక్కువ ధరకు వచ్చే రకం కూడా ఉంటుంది, కానీ స్లాబు ఎండకు సాగి రాత్రికి ముడుచుకునేటప్పుడు పాలిస్టర్ ఓర్చుకున్నంతగా అది ఓర్చుకోదు. తారులో రబ్బరు కలిపిన ఎస్‌బీఎస్ రకం చలిదేశాల్లో మేలు. నలభై డిగ్రీలు దాటే మన వేసవికి ఏపీపీయే తగినది.

షీటు చుట్ట ఒక మీటరు వెడల్పు, పది మీటర్ల పొడవు ఉంటుంది. పక్క అతుకు 100 మిల్లీమీటర్లు, కొస అతుకు 150 మిల్లీమీటర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి కాబట్టి ఒక చుట్ట పది చదరపు మీటర్లు కప్పదు, తొమ్మిదికి లోపే కప్పుతుంది. మీ స్లాబుకు, చుట్టూ గోడ మీదికి ఎక్కించే భాగానికి కలిపి ఆరు చుట్టలు పడతాయి, వృథాతో ఏడు తెప్పించుకోండి. ఐదు చుట్టలతో ముగిస్తామని ఎవరైనా చెబితే అతుకుల దగ్గరో గోడల దగ్గరో కోత పెడుతున్నారని తెలుసుకోండి. ముందు ప్రైమరు, అంటే షీటు పట్టు కోసం వేసే తొలి పూత, పూసి, అది చేతికి అంటనంతగా ఆరాక, పైపు ఉన్న పల్లపు వైపు నుంచి షీటు మొదలుపెట్టాలి. అప్పుడే పైవైపు షీటు కిందివైపు షీటు మీదికి ఎక్కి, పారే నీరు అతుకు మీదుగా జారిపోతుంది. ఎత్తు నుంచి మొదలుపెట్టారంటే ప్రతి అతుకూ నీటికి ఎదురు నోరు తెరిచినట్లే. అతుకు అంచు వెంట కరిగిన తారు సన్నని తీగలా బయటికి పొంగి కనిపించాలి. అది కనిపించని చోట మళ్లీ వేడి చేయించండి.

అంచుల విషయంలో మీరే దగ్గర నిలబడి చూడమని కోరుతున్నాను. స్లాబు, పిట్టగోడ కలిసే మూలలో షీటును లంబకోణంలో మడిస్తే అక్కడే తెగుతుంది. అందుకే షీటుకు ముందే ఆ మూల పొడుగునా రెండు, మూడు అంగుళాల ముక్కోణపు సిమెంటు పట్టీ కట్టి నునుపు చేయాలి. షీటు ఆ పట్టీ మీదుగా వాటం పైమట్టం నుంచి కనీసం 150 మిల్లీమీటర్లు గోడ ఎక్కి, గోడలో అంగుళం లోతున కోసిన గాడిలోకి దూరి, అక్కడ పాలిమర్ సిమెంటుతో మూతపడాలి. గాడి కోయకుండా గోడకు ఊరికే అంటించి వదిలేస్తే రెండు వేసవులు గడిచేసరికి పై అంచు ఊడి, గోడ వెంట జారే నీరంతా షీటు వెనకకు దిగుతుంది. పైపు నోటి దగ్గర స్లాబును కాస్త గుంత చేసి, షీటును పైపు లోపలికి నాలుగు అంగుళాలు దించాలి. పిట్టగోడ పగుళ్లలో రావి మొక్కలు మొలిచి ఉంటే పైకి లాగి ఊరుకోకుండా వేరు దాకా తవ్వి తీయించి పూడ్చాలి.

పెంకుల కప్పు, స్లాబు కలిసే చోటు మీ ఇంట్లో అన్నిటికంటే సున్నితమైనది. గోడ నానుతున్నది అక్కడే. పెంకుల మీది నీరంతా ధారగా స్లాబు మీద పడుతుంది, గాలివానలో వెనక్కి చిమ్ముతుంది. అక్కడ కింది రెండు వరుసల పెంకులు తీయించి, మెంబ్రేనును పెంకుల కిందుగా అడుగు ఎత్తు వరకు ఎక్కించి, మళ్లీ పెంకులు పేర్పించాలి. పెంకు నుంచి జారిన నీరు మెంబ్రేను మీద పడాలే గాని దాని వెనక పడకూడదు. అయితే ఈ షీటును గ్యాసు మంటతో కరిగించి అంటిస్తారు; ఆ పెంకుల కింద ఉన్నవి ముప్పై ఏళ్ల పాటు ఎండిన కలప వాసాలు, రీపర్లు. ఆ దగ్గర మంట వాడనివ్వవద్దు. కాగితం ఒలిచి అంటించే తారు షీటు దొరుకుతుంది, ఆ నాలుగు అడుగుల మేర దానినే వాడమనండి. రెండూ తారు జాతివే కాబట్టి కలిసిపోతాయి. మిగతా చోట మంట వాడేటప్పుడు కూడా మిద్దె మీద మంటలార్పే సిలిండరు, బకెట్లలో నీళ్లు ఉండాలి, పని ముగిశాక కనీసం ఒక గంట ఎవరైనా కనిపెట్టుకుని ఉండాలి. కలపలో నిప్పు పైకి కనిపించకుండా రాజుకునే అవకాశం ఉంది.

షీటు పరిచాక, దాని మీద ఇంకేమీ వేయకముందే, పైపు నోళ్లు మూసి రెండు అంగుళాల నీరు నిలిపి 48 గంటలు ఉంచండి. వాటం వల్ల ఎత్తుగా ఉన్న నడుము భాగం తేలి ఉంటే అక్కడ కూడా నీరు కప్పేలా సిమెంటు కట్టలు కట్టి విడివిడిగా పరీక్షించాలి. నీటి బరువు అంగుళానికి చదరపు మీటరు మీద పాతిక కిలోలు, కాబట్టి అవసరానికి మించి నింపవద్దు; చువ్వల సంగతి ఇంజనీరు తేల్చని స్లాబు మీద ఈ పరీక్షే చేయవద్దు. కింద కప్పు పొడిగా ఉందని చూసుకున్నాకే గుత్తేదారుకు మిగతా సొమ్ము ఇవ్వండి.

మీరు మిద్దె మీద తిరుగుతారు, వడియాలు పెడతారు, హీటరు బాగు చేయడానికి మనుషులు ఎక్కుతారు. నల్లటి తారు షీటు దీన్నంతా నేరుగా తట్టుకోలేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది ఎండిపోయి పగుళ్లిస్తుంది కూడా. అందువల్ల షీటు మీద జియోటెక్స్‌టైల్ అనే సింథటిక్ రక్షణ గుడ్డ పరిచి, ఆపైన 40 మిల్లీమీటర్ల సిమెంటు, దానిలో సన్నని ఇనుప జాలీ, ఎండకు సాగడానికి రెండు మూడు మీటర్లకొక విడుపు సందు ఉండేలా వేయించి తెల్లని పలకలు పరిపించండి. వంటింట్లో మధ్యాహ్నపు వేడి కూడా తగ్గుతుంది. దీని బరువు, వాటం బరువు కలిపితే చదరపు మీటరుకు 160 కిలోల పైచిలుకు అవుతుంది, పలకల బరువు అదనం. పాత కంకర, పలకలు తీసేయమని అంతగా చెప్పింది ఇందుకే. తీసిన దాని మందం కొలిచి, కొత్తగా వచ్చే బరువు లెక్కను ఇంజనీరుకు చూపించండి. భారం ఎక్కువని ఆయన అంటే సిమెంటు మానేసి, పైన రాతి పలుకులు అద్దిన రకం మెంబ్రేన్ ఎంచుకుని, మీరు నడిచే దారి మేరకు మాత్రం పలకలు వేయించుకోవచ్చు. హీటరు, ట్యాంకు స్టాండ్లకు మేకులు, బోల్టులు షీటు గుండా దిగకూడదు. వాటికి షీటు వేయకముందే సిమెంటు దిమ్మెలు కట్టించి, గోడకు చేసినట్లే దిమ్మెల చుట్టూ కూడా షీటును ఎక్కించాలి.

పోర్టికోకు ఇంత అక్కరలేదు. దానికి వాలు ఉంది, నీరు నిలవదు, ఎవరూ ఎక్కరు. దాన్ని నీటి ఒత్తిడితో కడిగించి, పగుళ్లు పూడిపించి, సాగే గుణమున్న అక్రిలిక్ తెల్ల పూత రెండు కోట్లు, మధ్యలో సన్నని గుడ్డ వేయిస్తే చాలు. రంగు పలచబడినప్పుడు మళ్లీ ఒక కోటు వేసుకోవాలి. ఇదే పూత నీరు నిలిచే చోట మెత్తబడి లేచిపోతుంది కాబట్టే వెనుక స్లాబుకు వద్దన్నాను. పోర్టికో స్లాబు హాలు గోడను తాకే గీత మాత్రం పూతతో ఆగదు, ఎందుకంటే ఆ రెండూ వేర్వేరుగా కదులుతాయి. అక్కడ గాడి కోయించి పాలియురెథేన్ సీలెంట్ అనే సాగే పూడిక నింపించాలి.

గుత్తేదారులను చదరపు అడుగుకు ఎంత అని మాత్రమే అడిగితే ముగ్గురూ మూడు వేర్వేరు పనులకు ధర చెబుతారు. షీటు మందం, అల్లిక రకం, ప్రైమరు, అతుకుల కొలతలు, గోడ మీద ఎత్తు, గాడి, నీటి పరీక్ష, పై రక్షణ పొర ఇవన్నీ కాగితం మీద రాయించుకుని అప్పుడు ధరలు పోల్చండి. పని పూర్తయ్యాక ఏటా వినాయక చవితి నాటికి రెండు పైపు నోళ్ల జాలీలు శుభ్రం చేయించి, గోడ గాడి వెంట పూడిక ఎక్కడైనా విడిందేమో ఒకసారి చూసుకోండి.